షుగర్ పుండు ముదిరితే కాలు దక్కించుకోవడం ఎలా: మొదటి రాత్రి నుంచి పుండు మానేదాకా

మా బాబాయి అరికాల్లో తుమ్మ ముల్లు పదకొండు రోజులు ఉండిపోయింది. ఆయనకు తెలియనే లేదు. పన్నెండో రోజు పొద్దున పిన్ని పక్క దులుపుతుంటే దుప్పటి మీద పసుపుపచ్చ మరక, గదంతా కుళ్లు వాసన. "నొప్పి లేదురా, అందుకే చెప్పలేదు" అన్నాడు ఫోన్లో. షుగర్ వచ్చి అప్పటికి పదహారేళ్లు. మూడు రోజుల తర్వాత ఒక ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేయాలన్నారు. చివరికి పోయినవి రెండు వేళ్లు. కాలు ఉంది, ఆ కాలితోనే ఇప్పటికీ పొలం వెళ్తున్నాడు. ఆ రెంటికీ మధ్య గడిచిన ఎనిమిది నెలల్లో డాక్టర్ల దగ్గర, డ్రెస్సింగ్ గదుల్లో నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇందులో సగం పని డాక్టర్లు చేయాల్సిందే. అది జరుగుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లు.

షుగర్ కాలికి మూడు దెబ్బలు తగులుతాయి. నరాలు మొద్దుబారి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. రక్తనాళాలు పూడుకుపోయి మానడానికి కావాల్సిన రక్తం అందదు. ఒంట్లో షుగర్ ఎక్కువగా ఉండటంతో సూక్ష్మక్రిములతో పోరాడే శక్తి తగ్గి ఇన్ఫెక్షన్ గంటల్లో పాకుతుంది. పుండు చూడగానే అందరూ అడిగేది "ఏ ఆయింట్‌మెంట్ రాయాలి?" అని. అసలు పని రాయడంలో లేదు, తీయడంలో ఉంది. లోపలి చీము తీయాలి, రక్తనాళంలో అడ్డు తీయాలి, చచ్చిన మాంసం తీయాలి, పుండు మీద పడే ఒంటి బరువు తీయాలి. ఈ నాలుగూ జరగకపోతే ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ అయినా దండగే.

1. ఈ రాత్రే వెళ్లాలా, రేపు వెళ్తే చాలా?

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. 108కు ఫోన్ చేయండి.

- పుండు అంచు నుంచి రెండు సెంటీమీటర్లు దాటి ఎరుపు పాకడం. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనిపించదు. అక్కడ చర్మం మెరుస్తూ, వాచి, చేయి పెడితే కాలుతున్నట్టు ఉంటుంది. ఆ హద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైం రాయండి. రెండు గంటల్లో గీత దాటితే డాక్టరుకు చూపించడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.
- చీము, కుళ్లు వాసన, బొబ్బలు, లేదా నొక్కితే చర్మం కింద కరకరమన్నట్టు తగలడం. చివరిది గ్యాస్ పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు.
- వేలు నీలంగానో నల్లగానో మారడం.
- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, వణుకు, మత్తు, గుండె నిమిషానికి 90 దాటి కొట్టుకోవడం.
- కారణం లేకుండా షుగర్ 300, 400కు ఎగబాకడం.
- కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి రావడం. రక్తనాళం ఒక్కసారిగా మూసుకుపోయి ఉండొచ్చు. ఇక్కడ లెక్క గంటల్లోనే.

జ్వరం లేదు కదా అని ధైర్యపడొద్దు. షుగర్ ఉన్నవాళ్లలో లోపల చీము నిండినా జ్వరం రాకపోవచ్చు, బాబాయికి రాలేదు. ఏళ్ల తరబడి మొద్దుబారిన కాల్లో కొత్తగా నొప్పి మొదలైతే దాన్ని మంచి సూచన అనుకోకండి. లోతుగా చీము పట్టినప్పుడు అలా అవుతుంది.

పుండు ఏమీ లేకుండానే పాదం వేడెక్కి, ఎర్రగా వాచి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది షార్కో ఫుట్ కావచ్చు. లోపల ఎముకలు విరిగి అరిగిపోతుంటాయి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండి బెణికిందని పంపించేస్తారు. డాక్టరు నిక్కచ్చిగా కాదని చెప్పేదాకా ఆ కాలు నేల మీద మోపకండి.

2. బయల్దేరే ముందు

దగ్గర్లో ఉంది కదా అని ఏ ఆసుపత్రికి పడితే ఆ ఆసుపత్రికి వెళ్లకండి. ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్ ఉన్నారా? కాలికి డాప్లర్ పరీక్ష (నాళాల్లో రక్తం పారుతోందా చూసే స్కాన్) చేస్తారా? రెండూ లేకపోయినా అత్యవసరంగా చీము తీయించుకోవడానికి అక్కడికే వెళ్లొచ్చు, తర్వాత ఎక్కడికి పంపుతారో అడిగి పెట్టుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు రోజులు ఇంజెక్షన్లు చేసి చూద్దామంటే దండం పెట్టి బయల్దేరండి. మేం పోగొట్టుకున్నది ఆ రెండు రోజులే.

పుండు మీద శుభ్రమైన గాజ్ గుడ్డ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) వేసి వదులుగా కట్టండి. పసుపు, సున్నం, ఆకు పసరు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. వేడి నీళ్లలో పెట్టొద్దు, కాపడం వద్దు. మొద్దుబారిన కాలికి వేడి ఎంతుందో తెలియక పుండు పక్కన కాలిన గాయాలు అయినవాళ్లను వార్డులో చూశాను. ఆనెకాయను బ్లేడుతో కోయడం, కార్న్ ప్లాస్టర్ అంటించడం అసలే వద్దు, అందులో ఉండే ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

పాత రిపోర్టులు, ముఖ్యంగా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న మాత్రల చీటీ, ఆధార్, రేషన్ కార్డు ఒకే సంచిలో పెట్టుకోండి. ఆఖరుసారి ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో గుర్తుంచుకోండి. అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు ఇచ్చే డాక్టరు అడిగేది అదే.

3. మొదటి రెండు రోజులు: చీము బయటికి రావాలి

పాదం లోపల గదుల్లా విభాగాలుంటాయి. చీము ఒక గదిలో నిండితే ఒత్తిడి పెరిగి, అక్కడికి వచ్చే కాస్త రక్తం కూడా ఆగిపోయి, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువుల వెంట పై గదుల్లోకి పాకుతుంది. అందుకే చీము గడ్డ ఉందని తేలితే సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కిస్తూ "నాలుగు రోజులు చూద్దాం" అనుకోవడం ప్రమాదం. కోసి తీయాల్సిందే, అదీ అదే రోజు. పైకి రూపాయి బిళ్లంత పుండే ఉన్నా లోపల మడమ దాకా సొరంగం ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత పాదం చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. "ఇంత పెద్ద గాయం చేశారేంటి?" అని పిన్ని ఏడ్చేసింది. తెరిచి ఉన్న గాయం మానుతుంది, మూసి ఉన్న చీము కాలు తింటుంది.

ఈ రెండు రోజుల్లో ఇవి జరుగుతున్నాయో లేదో గమనించండి. ఎక్స్‌రే తీయాలి: ఎముక దెబ్బతిన్నదా, గ్యాస్ ఉందా, విరిగిన సూది లాంటిది ఉందా చూడటానికి. తెల్ల కణాల లెక్క, క్రియాటినిన్, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ లేదా ఈఎస్ఆర్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలు చేయాలి. కల్చర్ పరీక్షకు నమూనా పుండు పైపై దూదితో తుడిచింది కాకుండా, శుభ్రం చేశాక లోతు నుంచి తీసిన మాంసం ముక్క అయితేనే లోపలున్న అసలు క్రిమి ఏదో తెలుస్తుంది. వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. ప్రాణానికి ముప్పుంటే మాత్రం మందు ముందు, కల్చర్ తర్వాత. అమికాసిన్ లాంటి కొన్ని ఇంజెక్షన్లు కిడ్నీలపై భారం వేస్తాయి. కిడ్నీ సమస్య ఉంటే నర్సు దగ్గరా డాక్టరు దగ్గరా రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

ఇన్ఫెక్షన్ మాంసానికే పరిమితమైతే యాంటీబయాటిక్ ఒకటి రెండు వారాలు చాలు. పుండు మానేదాకా యాంటీబయాటిక్ మింగుతూనే ఉండాలన్నది మన దగ్గర పాతుకుపోయిన అపోహ. ఎరుపు, వేడి, వాపు, చీము ఏమీ లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. అనవసరంగా వాడితే అవసరం పడిన రోజున పనిచేయదు.

4. రక్తం అందుతోందా? ఈ ప్రశ్న అడగకుండా సంతకం పెట్టొద్దు

కాళ్లు నిలిచేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే, అందుకే ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

డాక్టరు పాదం పైభాగంలోనూ, లోపలి చీలమండ వెనకా వేలు పెట్టి నాడి చూడాలి. అందకపోతే, అందినా అనుమానంగా ఉంటే, యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ చూస్తారు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె అది. 0.9 కన్నా తక్కువుంటే నాళాలు పూడుకున్నట్టు. ఇక్కడో మెలిక ఉంది. షుగర్ పాతబడినవాళ్లలో నాళాల గోడల్లో సున్నం పేరుకుని పైపుల్లా గట్టిపడతాయి. కఫ్ ఎంత బిగించినా అవి నొక్కుకోవు, దాంతో అంకె 1.3 దాటి పోతుంది. పైకి "చాలా బాగుంది" అన్నట్టు కనిపించే ఆ అంకెను నమ్మకూడదు. బాబాయికి వచ్చింది 1.4. మొదటి ఆసుపత్రిలో దాన్ని చూసి "రక్తప్రసరణకు ఢోకా లేదు, ఇది ఇన్ఫెక్షన్ వల్లే, కాలు తీయాలి" అన్నారు. రెండో చోట వాస్కులర్ సర్జన్ ఆ కాగితం పక్కన పడేసి బొటనవేలికి చిన్న కఫ్ కట్టి కొలిచారు. వేలి నాళాల్లో సున్నం తక్కువ పడుతుంది కాబట్టి అక్కడి లెక్క నికరం. అక్కడి ప్రెజర్ 30 మిల్లీమీటర్ల లోపుంటే రక్తం అందేలా చేయకుండా పుండు మానడం కష్టం. చీలమండ దగ్గర 50 లోపు, చర్మం మీద కొలిచే ఆక్సిజన్ 25 లోపు వచ్చినా అంతే. ఆ రోజు బాబాయి వేలి దగ్గర చూపించింది 24.

తర్వాత డాప్లర్ స్కాన్, దాన్ని బట్టి సీటీ యాంజియోగ్రామ్ లేదా మామూలు యాంజియోగ్రామ్. షుగర్‌లో పూడిక ఎక్కువగా మోకాలి కింది సన్నటి నాళాల్లో ఉంటుంది. గజ్జ దగ్గర నుంచి తీగ పంపి బెలూన్‌తో తెరవడాన్ని యాంజియోప్లాస్టీ అంటారు. గుండెకు చేసేదే, ఇక్కడ కాలికి. పూడిక పొడవుగా ఉండి, మనిషి ఆపరేషన్‌కు తట్టుకోగలిగితే, తన కాలి సిరనే వాడి బైపాస్ చేస్తారు. యాంజియోగ్రామ్‌లో వాడే రంగు మందు కిడ్నీలకు ఇబ్బంది. క్రియాటినిన్ ఎక్కువుంటే ముందే చెప్పండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఆపాలా అని అడగండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పాలి. ఆపరేషన్ ఉన్నప్పుడు, కాలి పుండు ముదిరినప్పుడు వాటిని కొంతకాలం ఆపమంటారు. సొంతంగా మాత్రం ఆపకండి.

వరస గుర్తుంచుకోండి. చీము ఉంటే ముందు చీము తీయాలి, తర్వాత ఒకటి రెండు రోజుల్లో రక్తం అందేలా చేయాలి. చీము లేకుండా వేలు ఎండిపోయి నల్లబడితే ముందు రక్తం, తర్వాతే వేలు. రక్తం రాని చోట వేలు కోస్తే ఆ కోత మానదు, మళ్లీ పైన కోస్తారు, మళ్లీ పైన. వేలితో మొదలై తొడ దాకా పోయిన కథలు ప్రతి ఊళ్లోనూ వింటాం. వాటిలో ఎన్నో ఇలా వరస తప్పినవే అని నా అనుమానం.

"కాలు తీసేయాలి" అన్న మాట విన్నప్పుడు బుర్ర పనిచేయదు. అందుకే ఈ ప్రశ్నలు ఫోన్లో రాసి పెట్టుకోండి: వేలి దగ్గర ప్రెజర్ ఎంత? యాంజియోగ్రామ్ చేశారా? వాస్కులర్ సర్జన్ చూశారా? ఇవాళే తీయకపోతే ప్రాణానికి ముప్పా, లేక ఒకట్రెండు రోజుల వ్యవధి ఉందా? వ్యవధి ఉందంటే రిపోర్టులు తీసుకుని రెండో అభిప్రాయానికి వెళ్లండి. ఏ మంచి డాక్టరూ దానికి నొచ్చుకోడు. ప్రాణానికి ముప్పంటే మాత్రం ఆస్పత్రులు తిరుగుతూ కూర్చోకండి.

5. ఎముకకు పట్టిందా?

పుండులో డాక్టరు స్టీలు పుల్లతో మెల్లగా తడిమినప్పుడు గట్టిగా, గరుగ్గా ఎముక తగిలితే దానికి ఇన్ఫెక్షన్ ఉన్న అవకాశం చాలా ఎక్కువ. ఎక్స్‌రేలో ఆ మార్పు కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుంటే సరిపోదు, మళ్లీ తీయించాలి, లేదా ఎంఆర్ఐ. ఎముక ముక్క తీయకుండా మందులతోనే నయం చేయాలంటే యాంటీబయాటిక్ దాదాపు ఆరు వారాలు. చెడిన ముక్క తీసేసినా అంచులో ఇంకా క్రిమి మిగిలిందని తేలితే మూడు వారాల వరకు. వేలు సాసేజ్‌లా ఉబ్బి ఎర్రగా ఉంటే లోపల ఎముక సంగతి చూడమని అడగండి.

6. చచ్చిన మాంసం తీయడం

నల్లటి, పసుపు, బూడిదరంగు పొర పుండులో ఉన్నంతకాలం క్రిములకు అది విందు. దాన్ని డాక్టరు కత్తితోనో కత్తెరతోనో తీసేయడమే డెబ్రైడ్‌మెంట్. ఒకసారి చేసి వదిలేసేది కాదు, మొదట్లో వారానికోసారైనా అవసరం పడుతుంది. పుండు చుట్టూ గట్టిపడిన ఆనెకాయ అంచును కూడా డాక్టరే చెక్కేయాలి. ఆ అంచు చెప్పులో గులకరాయిలా నొక్కుతూ ఉంటుంది. రక్తస్రావం కనిపిస్తే కంగారు పడొద్దు, ఎర్రటి రక్తం వచ్చిందంటే అక్కడ ప్రాణం ఉన్నట్టే. ఎండిపోయి నల్లగా గట్టిపడి, చీము లేని వేలిని మాత్రం రక్తప్రసరణ సంగతి తేలేదాకా కదపకూడదు. దాన్ని తడపకుండా పొడిగా ఉంచాలి.

7. బరువు తీయడం: అందరూ ఒప్పుకునేది, ఎవరూ చేయనిది

అరికాలి పుండు మీద ఒక్క అడుగు వేస్తే ఒంటి బరువంతా నాణెమంత చోట పడుతుంది. నొప్పి తెలిసినవాడు కుంటుతాడు, ఆ కుంటడమే పుండును కాపాడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు కుంటరు. దర్జాగా నడుస్తారు.

ఈ సంగతిని ప్రపంచానికి చాటినవాళ్లలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన పుట్టింది తమిళనాడు కొల్లి కొండల్లో. 1946 నుంచి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశాడు. కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు రోగం వల్ల కుళ్లి రాలిపోతాయని అప్పటి నమ్మకం. నొప్పి తెలియక తగిలించుకున్న దెబ్బలే అసలు కారణమని ఆయన గట్టిగా చెప్పాడు. కుష్ఠు రోగుల కోసం మన దేశంలో వాడుకలోకి వచ్చిన మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులే ఇప్పుడు షుగర్ రోగులకు ఇస్తున్నారు. పాదానికి అంతటా అంటుకునేలా వేసే ప్లాస్టర్ కట్టు, టోటల్ కాంటాక్ట్ కాస్ట్, కూడా కుష్ఠు పాదాల వైద్యంలోంచి షుగర్ పాదాలకు వచ్చిందే.

అరికాలి ముందుభాగపు పుండుకు ఆ కాస్ట్‌ను మించింది లేదు. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా వేసి, బరువును పిక్క మీదికీ పాదమంతటికీ పంచుతుంది. మొదటిసారి వాపు తగ్గుతుంది కాబట్టి కొన్ని రోజుల్లోనే మార్చి, తర్వాత వారానికోసారి మారుస్తారు. దాని గొప్పతనమల్లా రోగి విప్పలేకపోవడమే! విప్పే వీలున్న బూటు ఇస్తే ఏమవుతుందో 2003లో అమెరికాలో లెక్కపెట్టారు: రోజులో వేసిన అడుగుల్లో 28 శాతమే బూటుతో వేశారట. మిగతావన్నీ ఇంట్లో, బాత్రూంకు, వంటింటికి, "ఈ ఒక్కసారికి" వేసినవి. మా ఇంట్లోనూ అదే కథ. బూటు గుమ్మం దగ్గర అందంగా ఉండేది, బాబాయి వట్టి కాళ్లతో పెరట్లో ఉండేవాడు. ఇంట్లో చెప్పులు వేసుకోకూడదన్న మన పద్ధతి ఇక్కడ కాలికి శత్రువు. చివరికి డాక్టరే బూటు చుట్టూ ప్లాస్టర్ పట్టీ చుట్టేసి విప్పకుండా చేశారు. అది కూడా చెల్లుబాటయ్యే పద్ధతే.

ఇన్ఫెక్షన్ ముదిరి ఉన్నా, రక్తప్రసరణ బాగా తక్కువగా ఉన్నా పూర్తి కాస్ట్ వేయరు, లోపల ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి. అప్పుడు విప్పే బూటు, పుండు చోట కన్నం చేసి చుట్టూ అంటించే ఫెల్ట్ ఫోమ్, చక్రాల కుర్చీ గతి. ఇంట్లో చేయగలిగినవి కొన్ని:

- మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి. కింద కూర్చునే దొడ్డిలో బరువంతా పాదం ముందుభాగం మీదే పడుతుంది.
- బూటు వేసిన కాలు ఎత్తుగా ఉంటుంది కాబట్టి రెండో కాలి చెప్పుకు అదే ఎత్తు సోలు వేయించండి. లేకపోతే నడుము నొప్పి వంకతో బూటు మూలన పడుతుంది.
- రెండో పాదాన్ని రోజూ చూడండి. బరువంతా మోసేది అదే, తర్వాతి పుండు అక్కడే రావొచ్చు.
- మడమ పుండైతే దిండు పిక్క కింద పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి. మడమ కింద దిండు పెట్టడం వల్ల లాభం లేదు.

8. ఇంట్లో డ్రెస్సింగ్

రక్తం సరిగా అందుతూ, బరువు పడకుండా ఉన్న పుండు మామూలు డ్రెస్సింగ్‌తోనే మానుతుంది. చేతులు సబ్బుతో కడిగి గ్లవుజులు వేసుకోండి. పాత గాజ్ గుడ్డ అంటుకుంటే లాగొద్దు, నార్మల్ సెలైన్ పోసి నానబెట్టి తీయండి. సెలైన్‌తోనే పుండు కడగండి. తెరిచిన సీసా మర్నాటికి దాచొద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పోస్తే శుభ్రమైందన్న తృప్తి కలుగుతుంది, కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. పుండు తడి తడిగా ఉండాలి, చుట్టూ చర్మం పొడిగా ఉండాలి. చెమ్మ ఎక్కువైతే పీల్చే ఫోమ్ రకం, తక్కువైతే జెల్ రకం డ్రెస్సింగ్ డాక్టరు చెబుతారు. వేళ్ల సందుల్లో చిన్న గాజ్ గుడ్డ ముక్క పెట్టండి. కట్టు బిగించకండి, ఒక వేలు దూరాలి.

ప్రతి ఆదివారం పుండు పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుగులో ఫోటో తీయండి. పొడవు, వెడల్పు గుణించి రాయండి. నాలుగు సెంటీమీటర్లు, మూడు సెంటీమీటర్లుంటే 12. నాలుగు వారాలకు అది ఆరుకో, ఇంకా కిందికో రావాలి. రాకపోతే అదే వైద్యం కొనసాగించడంలో అర్థం లేదు. మళ్లీ రక్తం, ఎముక, చీము, బరువు నాలుగూ మొదటి నుంచి చూడమని అడగండి.

అవన్నీ సరిగ్గా ఉండి కూడా పుండు కదలకపోతే అప్పుడు అదనపు వైద్యాల మాట. ఆపరేషన్ చేసిన లోతు గాయానికి వ్యాక్ మిషన్ (మూసిన కట్టు లోంచి గాయపు చెమ్మను పీల్చేది) బాగా పనికొస్తుంది. ఎర్రటి మాంసం పైదాకా పెరిగాక తొడ మీంచి చర్మం తీసి వేస్తే నెలలు కలిసొస్తాయి. హైపర్‌బేరిక్ ఆక్సిజన్ (గాలి ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్చడం) రక్తం తక్కువున్న కొందరికి సాయపడుతుంది, ఖర్చు ఎక్కువ, వారాల పాటు రోజూ వెళ్లాలి. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసే రీజెన్-డీ అనే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ కూడా రాస్తుంటారు. అంతర్జాతీయ మార్గదర్శకాలు గ్రోత్ ఫ్యాక్టర్లను అందరికీ సిఫారసు చేయవు. పూడిన నాళం తెరవకుండా ఇవి వాడమంటే నేనైతే ఎందుకని అడుగుతాను.

9. షుగర్, తిండి, పొగ

ముదిరిన ఇన్ఫెక్షన్‌లో మాత్రలు చాలవు, ఇన్సులిన్ తప్పదు. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం" అని భయపడి వద్దనకండి. పుండు మానాక చాలామందికి తగ్గిస్తారు, కొందరికి ఆపేస్తారు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు సాధారణంగా 140 నుంచి 180 మధ్య ఉంచాలని చూస్తారు.

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం, వంకాయ పెట్టకూడదని పథ్యం పెట్టే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. చారు మెతుకుల మీద మాంసం ఎలా పెరుగుతుంది? కిడ్నీలు బాగుంటే 60 కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరేడు, వంద గ్రాముల వండిన కోడిమాంసంలో పాతిక దాకా. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క డాక్టరు చెప్పాలి. మా పిన్నిని ఒప్పించడానికి డాక్టరు చేత చీటీ మీద "పప్పు, గుడ్డు" అని రాయించాల్సి వచ్చింది.

బీడీ, చుట్ట, సిగరెట్ మానకుండా యాంజియోప్లాస్టీ చేయించుకోవడం కాలవ పూడిక తీసి మళ్లీ మట్టి పోయడమే. నాళాలు పూడినట్టు తేలితే కొలెస్టరాల్ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర కూడా ఇస్తారు, అవి పుండు మానాక కూడా కొనసాగాలి.

10. ఖర్చు

ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి పది లక్షలు. చేరిన రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి యాంజియోప్లాస్టీ, డెబ్రైడ్‌మెంట్, చర్మం అతికించడం వీటిలో ఏవి వర్తిస్తాయో విడివిడిగా అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం ఉండదు.

11. కోయక తప్పనప్పుడు

విషం రక్తంలోకి పాకి బీపీ పడిపోతుంటే, పాదమంతా కుళ్లితే, తెరవడానికి నాళమే మిగలకపోతే కాలు తీయడం వైద్యుడి ఓటమి కాదు, మనిషిని బతికించడం. అడగాల్సింది ఎంత మేరకని. వేలు, వేలితో పాటు దాని ఎముక, పాదం సగం, మోకాలి కింద, మోకాలి పైన: ఈ వరసలో ఎంత కింద ఆపగలిగితే అంత నయం. మడమ మిగిలితే ఇంట్లో కృత్రిమ కాలు లేకుండా తిరగగలరు. మోకాలు మిగిలితే జైపూర్ కాలు లాంటిది పెట్టుకుని నడవడం చాలా తేలిక. మోకాలి పైన తీస్తే నడకకు పట్టే శక్తి బాగా పెరుగుతుంది, పెద్దవయసువాళ్లు చాలామంది మళ్లీ నడవరు.

12. మానిన తర్వాత

మానిన పుండు ఏడాదిలోపు మళ్లీ వచ్చేది నూటికి నలభై మందికి. ఐదేళ్లలో అరవై ఐదు మందికి. అందుకే డాక్టర్లు "నయమైంది" అనరు, "ప్రస్తుతం మూసుకుంది" అంటారు.

రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, కనిపించకపోతే ఇంట్లోవాళ్లు చూడాలి. చెప్పు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడమాలి. బొటనవేలి సందున పట్టీ ఉండే హవాయి చెప్పులకు సెలవు, వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ చెప్పులు ఇంట్లో ఒక జత, బయటికి ఒక జత. కరోనా నాడు కొన్న థర్మామీటర్ గన్ పారేయకండి. రెండు పాదాల్లో ఒకే చోట వేడి తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటి రెండు రోజులు వరసగా ఉంటే నడక తగ్గించి డాక్టరుకు చూపించాలి. చర్మం పగలక ముందే లోపలి దెబ్బను అది పట్టేస్తుంది.

గుడి సంగతి అందరికీ చెప్పడానికి మొహమాటం. చిలుకూరులో 108 ప్రదక్షిణలు, తిరుమల మెట్లు, అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు వట్టి కాళ్లు: మొద్దుబారిన పాదాలకు వీటిలో ఏదీ పనికిరాదు. మే నెల మధ్యాహ్నం గుడి బండల మీద పది అడుగులు చాలు బొబ్బలెక్కడానికి. ఈ మాట చెబితే బాబాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తెల్లవారుజామున, బండలు చల్లగా ఉన్నప్పుడు, మందపాటి తెల్ల మేజోళ్లు వేసుకుని వెళ్తాడు. తెల్లవి ఎందుకంటే రక్తమో చీమో అంటితే ఇంటికొచ్చి విప్పగానే కనిపిస్తుంది. మేజోళ్లు తిరగేసి చూసేది మాత్రం ఇంకా పిన్నే.